పంతొమ్మిది ఒకట్లు

ఇవాళ మధ్యాహ్నం, ఐర్లండ్‌లోని నేవన్‌లో అద్దెకున్న ఇల్లు ఖాళీ చేస్తూ, వంటింట్లో ప్రెస్ తలుపు తుడవబోయి ఆగిపోయాను. ఇక్కడ గోడ అల్మరాని ప్రెస్ అంటారు, నాకూ అదే అలవాటైపోయింది. పప్పుల డబ్బాలకు ఎదురుగా, తలుపు లోపలివైపు, మా ఆయన పెన్సిలు రాత. ఒకే వరసలో పంతొమ్మిది ఒకట్లు. వాటి కింద చిన్న చిన్న సంఖ్యలు, ఒక్కోదాని పక్కన ఒక టిక్కు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఇంటాయన ఇల్లు అమ్మేస్తున్నాడు, సోమవారానికల్లా తాళాలిచ్చెయ్యాలి.

మా ఆయన గుంటూరులో లెక్కల లెక్చరరు. నాకిక్కడ నర్సు ఉద్యోగం వస్తే నా వెంట వచ్చి, పెద్దవాళ్ళను చూసుకునే హోములో కేరర్‌గా చేరారు. వాళ్ళకి స్నానాలు చేయించడం, సూపు తాగించడం ఏనాడూ నామోషీ అనుకోలేదు గానీ, ఆదివారం మటుకు ఆయన మళ్ళీ లెక్చరరే. చర్చి నుంచి వచ్చి నేను పలావుకి ఉల్లిపాయలు తరుగుతుంటే, ఆయన ఒక ప్రధాన సంఖ్య తీసుకుని ఆ పంతొమ్మిది ఒకట్ల సంఖ్యని చేత్తో భాగించేవారు. వారానికి ఒకటే. మొదట రెండు, తర్వాత మూడు, అయిదు, ఏడు, అలా వరసగా. శేషం మిగిలితే టిక్కు పెట్టి, "చూశావా, లొంగలేదు" అని మురిసిపోయేవారు. ఒకట్లు పన్నెండో పదిహేనో వేస్తే ఆ సంఖ్య ఇట్టే విరుగుతుందట, పంతొమ్మిది వేస్తే మటుకు ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ నిశ్శేషంగా పోదట. మహామహులు ఆ సంగతి ఎప్పుడో తేల్చేశారట. "తేలిపోయినదాన్ని మళ్ళీ తేల్చడమెందుకు? ఈ ఉల్లిపాయలన్నా తరగండి" అనేదాన్ని. ఆయన నవ్వి, "వారానికొకటి చొప్పున చేత్తో తేల్చాలంటే పది లక్షల ఏళ్ళు పడుద్ది. అప్పటిదాకా నీ వంటింట్లోంచి కదిలేది లేదు" అన్నారొకసారి. ఉల్లిపాయల ఘాటుకి కళ్ళు తుడుచుకుంటూనే నేనా మాట నమ్మేశాను.

ఆఖరి టిక్కు 269 దగ్గరుంది. ఆ వారమే, బుధవారం, డ్యూటీకెళ్ళిన మనిషి గుండె ఆగి ఇక ఇంటికి రాలేదు.

తుడుపుగుడ్డ పక్కన పడేసి, ఆ ఒకట్లని కాగితం మీదికి దించుకుని, ఆ తర్వాతి సంఖ్య 271తో భాగించడానికి కూర్చున్నాను. దేన్నయినా అయిదేసి గీతలు పెట్టుకుని లెక్కించడం వార్డులో పట్టుబడిన అలవాటు. ఒకట్లూ అలాగే అయిదేసి గుంపులుగా రాసుకున్నాను. మొదటి అయిదు ఒకట్లలో 271 నలభై ఒక్కసార్లు పోయింది, శేషం సున్నా. రెండో గుంపు, మళ్ళీ సున్నా. మూడో గుంపూ, నాలుగో గుంపూ సున్నాయే. విరగదన్న సంఖ్య విరిగింది. ఆయన నాకిచ్చిన పది లక్షల ఏళ్ళూ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయాయి. పక్క గదిలో పెట్టెలు సర్దుతున్న మా అమ్మాయి నా ఏడుపు విని పరిగెత్తుకొచ్చింది. ఇక్కడ పెరిగిన పిల్ల, నేను తెలుగులో ఏడిస్తే ఇంగ్లీషులో ఓదారుస్తుంది. కాగితం చూసి, తలుపు మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టి, "మమ్మీ, యూ హ్యావ్ ట్వెంటీ. డాడీ హాజ్ నైన్‌టీన్" అంది.

నిజమే. అలవాటున నా చెయ్యి ఆఖరి గుంపులో కూడా అయిదు వేసేసింది. ఎక్కువైన ఒకటిని కొట్టేసి మళ్ళీ చేశాను. శేషం ఇరవై ఏడు. "లొంగలేదండీ" అన్నాను, పైకే. మా అమ్మాయి పెన్సిలు తెచ్చి నా చేతికిచ్చింది. తలుపు మీద 271 రాసి టిక్కు పెట్టి, అంతా ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించుకుని, ఆ తర్వాతే గుడ్డ తడిపాను.

రేపు ఆదివారం. కొత్త ఇంట్లో ఉల్లిపాయలు తరిగాక 277తో చూడాలి. పది లక్షల ఏళ్ళన్న మనిషి ఏడాదీ అయిదు వారాలే చేసి, మిగతా ఆదివారాలన్నీ నాకు వదిలేసి వెళ్ళారు.