చింతపండుకు బతాకా అక్కర్లేదు

మా నాన్నకు తెనాలిలో కిరాణా కొట్టు ఉండేది. బోణీ కాకముందు ఎవరినీ ఏదీ అడగకూడదని నేను పలక పట్టకముందే నేర్పాడు. తర్వాత చదివిన చదువేదీ నిలవలేదు కానీ అదొక్కటే నిలిచింది.

ఈ అరబ్బు దేశపు రేవు బజారు మత్రా సూక్‌లో నేను నడిపే దినుసుల కొట్టు, కాగితాల మీద నాకు పూచీ ఉన్న ఇక్కడి యజమాని, మా అర్బాబుది. నా బతాకా, అంటే ఈ దేశంలో నన్ను ఉండనిచ్చే కార్డు, ఆయన సంతకం పెడితేనే మళ్లీ వస్తుంది. గడువు దగ్గరపడింది. ఎలా అడగాలా అని నేను మథనపడుతుండగా ఒక ఉదయం ఆయనే వచ్చాడు. అప్పుడే కొట్టు తెరిచాను.

"సదీక్, నీతో మాట్లాడాలి," అన్నాడు హిందీలో. సదీక్ అంటే స్నేహితుడు, నన్నెప్పుడూ అలాగే పిలుస్తాడు.

"కూర్చోండి అర్బాబ్. ఒక్క బోణీ కానివ్వండి," అని ఖర్జూరాలు ముందు పెట్టి కాఫీ పోశాను. నా చాదస్తం ఎరిగిన మనిషే కనుక నవ్వి కూర్చున్నాడు.

రేవులో ఓడ ఆగినట్టుంది, ఎవరో స్పెయిన్ ఆవిడ వచ్చింది. కుంకుమపువ్వు చూసి "అథఫ్రాన్!" అంది. "జాఫరాన్," అన్నాడు అర్బాబు. చక్కెరను ఆవిడ అథూకర్ అంటే ఆయన సుక్కర్ అన్నాడు. చింతపండు ముద్ద చూసి ఆవిడ "తమరిందో" అంటే, "తమర్ హిందీ, హిందూదేశపు ఖర్జూరం," అని నా వంక చూశాడు. ఒకప్పుడు తమ దేశాన్ని అరబ్బులు వందల ఏళ్లు ఏలారనీ, వాళ్లు పోయినా మాటలు పోలేదనీ ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. నేనెందుకు ఊరుకుంటాను? హక్కు, జవాబు, రద్దు మా తెలుగులోకీ వచ్చాయని కోతలు కోశాను. పేరు చెప్పని మనిషిని స్పెయిన్‌లో ఫులానో అంటారట.

"ఫులాన్," అన్నాడు అర్బాబు.

"ఫలానా," అన్నాను నేను. ముగ్గురం నవ్వాం.

"ఇంత చుట్టరికం కలిసింది, ధర తగ్గించవా?" అంది ఆవిడ, చింతపండు చేత పట్టుకుని.

"మాటలు అర్బాబువి, ఊరికే పట్టుకెళ్లండి. సరుకు నాది."

చాలా రోజులకు సమఉజ్జీ దొరికింది. ఆవిడ కదలదు, నేను దిగను. ఈలోగా అర్బాబు ఫోన్ మోగింది. మాట్లాడి లేచి నిలబడ్డాడు.

"మా అక్క కొడుకు ఖాళీగా ఉన్నాడు సదీక్. వచ్చే నెల నుంచి ఇక్కడ వాడు కూర్చుంటాడు. నీ కాగితాలు ఇక పొడిగించను."

ఆయన వెళ్లిపోయాడు. "ఆఖరి మాట చెప్పు," అంది ఆవిడ. ఆవిడ అడిగిన ధరకే ఇచ్చేశాను. జన్మలో అంత తేలిగ్గా ఎవరికీ లొంగలేదు.

మేముండే హమ్రియా రూమ్ నుంచి మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఏవండీ, అడిగారా?"

"బోణీ అయ్యాక అడుగుదామని..."

మొత్తం విన్నాక అంది: "మీ బోణీ తగలెయ్య! గుమ్మంలోకొచ్చిన మనిషిని కూర్చోబెట్టి చింతపండు బేరమాడారా?"

ఆయన తేల్చుకునే వచ్చాడో, నా బేరం చూసి విసిగి తేల్చుకున్నాడో నాకు తెలియదు. అడగలేదు. అడిగి చేసేదేముంది?

నిన్న ఆ అక్క కొడుకు సరుకు చూసుకోవడానికి వచ్చాడు. డబ్బాలు ఒక్కొక్కటే చూపించాను. "ఇది తమర్ హిందీ," అన్నాడు చింతపండు దగ్గర, నా ముఖం చూడకుండానే. అన్నీ నేర్పాను. బోణీ సంగతి మాత్రం చెప్పలేదు. అరబ్బుల దగ్గర మేం ఎన్నో మాటలు తీసుకున్నాం, వీడికి ఈ ఒక్కటీ ఇవ్వబుద్ధి కాలేదు.