కుర్చీ నమాజు

బెజవాడలో గుండెకు స్టెంటు వేయించుకుని తిరువూరు తిరిగొచ్చాక నన్ను బాధపెట్టింది నొప్పి కాదు, కుర్చీ. వంగి లేస్తే కళ్లు తిరుగుతున్నాయని, కొన్నాళ్లు కూర్చునే నమాజు చేసుకోమన్నారు డాక్టరుగారు. మసీదులో అందరూ సజ్దాకు వంగి నుదురు నేలకు ఆనిస్తుంటే, నేనొక్కణ్ణే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ముందు వరసలోని వీపులు చూస్తుండేవాణ్ణి. నలభై ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చున్నవాణ్ణి, కూర్చోవడం నాకు కొత్త కాదు. దేవుడి ముందు కూర్చోవడమే చేతకాలేదు. సిగ్గేసేది.

మళ్లీ చూపించుకోవడానికి వెళ్తే, వ్యాయామం అలవాటుందా అని అడిగారు డాక్టరుగారు.

"రోజుకు ఐదుసార్లు చేసేవాణ్ణి సార్. నిలబడటం, వంగడం, లేవడం. నమాజును మించిన ఎక్సర్‌సైజు ఏముంది?" అన్నాను గొప్పగా.

"మసీదుకు ఎలా వెళ్తారు?"

"బండి మీద సార్."

"ఎంత దూరం?"

నేను నసిగాను. మా ఆవిడ ఊరుకుంటుందా? "మా వీధి చివరేనండి. ఈయన బండి స్టార్ట్ చేసేలోపు నడిచెళ్లి రావచ్చు" అంది.

డాక్టరుగారు పగలబడి నవ్వారు. "మసీదుకు వేసే ప్రతి అడుగుకీ పుణ్యం అంటారు కదండీ. అదంతా బండికి పోతోందన్నమాట! నడవండి. మళ్లీ నేల మీద చేసుకోవచ్చో లేదో మూడు నెలల తర్వాత చూద్దాం."

ఆ 'చూద్దాం' నన్ను నిద్రపోనివ్వలేదు. మా గుమ్మంలోంచి ఎడమకు తిరిగితే మసీదు. మర్నాటి నుంచి నేను కుడికి తిరిగాను. బస్టాండు చుట్టి, మామిడికాయల లారీలు దాటి, ఊరంతా తిరిగి మసీదు చేరేవాణ్ణి. మొదట్లో రెండుచోట్ల కూలబడేవాణ్ణి కూడా.

"ఏం భాయ్, దారి మర్చిపోయారా?" అని టీకొట్టాయన రోజూ ఆటపట్టించేవాడు.

"లేదు, సాగదీస్తున్నా" అనేవాణ్ణి.

మూడు నెలలయ్యాక డాక్టరుగారు రిపోర్టులన్నీ చూసి, "ఇక కుర్చీ మానెయ్యండి. కాకపోతే మెల్లగా లేవండి" అన్నారు.

ఆ సాయంత్రం కుర్చీని గోడవారకు జరిపి వరసలో నిలబడ్డాను. పక్కనున్న పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, కాస్త జరిగి చోటిచ్చాడు. నుదురు చాపకు ఆనగానే నా గుండె చప్పుడు నాకే వినిపించింది. ఏవేవో అడగాలనుకుని వచ్చాను. ఒక్కటీ గుర్తురాలేదు, కళ్లమ్మట నీళ్లు మాత్రం కారిపోయాయి.

అందరూ తలెత్తినా నేను ఎత్తలేదు. మెల్లగా లేవమన్నారు కదా డాక్టరుగారు.