శాంటియాగో బస్తా

మా నాన్న మిరపచేనుకి ఆ ఏడు రెండు తెగుళ్లు పట్టాయి. మొదటిది ఆకుముడత. రెండోది నా చదువు. మొదటిదానికి మందు దొరికేదేమో గాని, రెండోదానికి లోకంలో మందు లేదని అనుభవం మీద చెబుతున్నాను.

యాభైల చివరి మాట. గుంటూరులో కాలేజీలో చేరిన కొత్త. సెలవుకి చిలకలూరిపేట దగ్గర మా ఊరు వెళితే, చేలో ఆకులు ముడుచుకుపోతున్నాయి. "అంత పెద్ద కాలేజీలో దీని గురించి ఒక్క పుస్తకమన్నా ఉండదంటరా?" అన్నాడు నాన్న. ఉండకేం, వచ్చే ఆదివారానికి తెస్తానని పక్కచేను మస్తాన్ మామ ముందు మాటిచ్చేశాను.

లైబ్రరీలో పుస్తకం కావాలంటే సొరుగుల్లో అక్షరక్రమంలో ఉన్న కార్డులు వెతికి, నంబరు చీటీ మీద రాసివ్వాలి. లైబ్రేరియన్ ఖాదర్ సాహెబ్ గారు ఏ విషయం కావాలని అడిగారు. వ్యవసాయమంటే పల్లెటూరివాణ్ణని తెలిసిపోతుందని, నేనే వెతుక్కుంటానన్నాను. (నా చొక్కా ఆ సంగతి ముందే చెప్పేసిందని నాకు తట్టలేదు.) మిరపని ఇంగ్లీషులో చిల్లీ అంటారు కదా. ఆ పేరుతో కార్డు దొరికింది: నేల, వాతావరణం గురించి ఏదో పత్రికలో వచ్చిన వ్యాసం. బైండు చేసిన సంపుటం ఇంటికివ్వరు. నిఘంటువు పక్కన పెట్టుకుని, సాయంత్రందాకా తెలుగులో రాసుకున్నాను. మధ్యలో 'దేశం' అనే మాట తగిలినా, రైతు దేశానికి వెన్నెముక కదా అని సరిపెట్టుకున్నాను.

ఆదివారం అరుగు మీద చదివి వినిపించాను. అది సన్నగా, పొడుగ్గా ఉంటుందన్నాను. అందరూ తలలూపారు. ఒక పక్క కొండలు, ఇంకో పక్క నీళ్లు ఉంటాయన్నాను. కొండంటే కట్ట అని, నీళ్లంటే కాలవ అని వ్యాఖ్యానం నాదే. తరచుగా కంపిస్తుందన్నాను. అంటే మొక్కల్ని ఊపాలన్నమాట.

"ఊపితే పూత రాలదంట్రా?" అన్నాడు మస్తాన్ మామ.

"పుస్తకంలో ఉంది మామా," అన్నాను.

నాన్న ఒక పక్క కట్ట పోశాడు, ఇంకో పక్క కాలవ తవ్వాడు, రోజూ పొద్దున్నే చేనంతా ఊపాడు. పూత రాలింది. అయినా నా దగ్గర బ్రహ్మాస్త్రం మిగిలే ఉంది. 'క్యాపిటల్ శాంటియాగో' అని వ్యాసంలో ఉంది. క్యాపిటల్ అంటే పెట్టుబడి. శాంటియాగో ఎరువు కాక మరేమిటి? పేటలో ఎరువుల కొట్టుకి వెళ్లి ఒక బస్తా అడిగాను. తెలియదంటే కొట్టు పరువేం కావాలి?

"నిన్ననే అయిపోయింది బాబూ. మంగళవారం లోడు వచ్చిద్ది," అన్నాడు కొట్టాయన.

మంగళవారం వచ్చింది, లోడు రాలేదు. శాంటియాగో మీద ఇంకో పుస్తకం ఉందేమోనని ఖాదర్ సాహెబ్ గారి దగ్గరికి వెళ్లి, ఈసారి సంగతంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. అట్లాసు తెచ్చి, దక్షిణ అమెరికాలో సముద్రం పక్కన సన్నగా, పొడుగ్గా ఉన్న చిలీ దేశం మీద వేలు పెట్టారు. ఆ దేశం పేరూ మిరపకాయ పేరూ పాత పుస్తకాల్లో ఒకటే స్పెల్లింగట. శాంటియాగో దాని రాజధాని. కంపించేది భూమి.

"మీ నాన్నగారు ఇంకా ఊపుతున్నారా బాబూ?" అని మాత్రం అడిగారు.

చదవకముందు కాకరకాయ అన్నవాడు చదివాక కీకరకాయ అన్నాడట. నయం, వాడు కూరగాయల్లోనే ఉన్నాడు. నేను సముద్రాలు దాటాను.

ఇంటికెళ్లి చెబితే నాన్న అంతా విని, "ఆ దేశంలో మిరప పండుద్దా?" అని అడిగాడు. తెలియదన్నాను.

"అయితే ఎల్లి కనుక్కో. మన చేలోకి మాత్రం రామాక."

ఆ క్షణమే తూర్పు తిరిగి ప్రమాణం చేశాను: లైబ్రరీలో ఏ కార్డు తీసినా, అది పొలంలో పండేదో పటంలో ఉండేదో తేలందే చీటీ రాయనని.