మావయ్య ఇంటి ముందు ముప్పై అడుగుల రోడ్డు

మనిషికి చదువు ఎక్కువైతే వీధి ఏమవుతుందో తెలియాలంటే జలంత్రకోటలో మా మావయ్య వాళ్ళ వీధిని అడగండి. దాన్ని ముంచినవాణ్ణి నేనే.

అప్పుడు నేను ఎంటెక్‌లో రోడ్ల మీద పరిశోధన చేస్తున్నాను. తారులో కొబ్బరి పీచూ, జీడిపిక్కల తొక్కు నుంచి తీసే నూనే కలిపితే రోడ్డు వానలకు చెదరదని నా వాదన. "ముందు ల్యాబ్‌లో గట్టిపడనీ, వీధి సంగతి తరవాత" అన్నారు మా గైడు. నేను ఆగితేగా. సర్పంచిని బతిమాలి, మావయ్య గుమ్మం ముందు గుంతలు పడిన ముప్పై అడుగులు అడిగి పుచ్చుకున్నాను. నూనె చుక్కలు చాలన్నచోట రెట్టింపు పోశాను. పాయసంలో జీడిపప్పు వేసే చెయ్యి కదండీ, వెనకాడలేదు. సాయంత్రానికి పరిచేశాను.

తెల్లారేసరికి రాయి కావలసిన రోడ్డు హల్వాలా మెరుస్తోంది. ఆ రోజే మావయ్యకు డయాలసిస్. వారానికి రెండుసార్లు సోంపేట ఆస్పత్రికి వెళ్ళాలి. తీసుకెళ్ళడానికి, ఊళ్ళో ఆటో నడిపే సింహాచలం తన బండి వేసుకొచ్చాడు. నా ముప్పై అడుగుల్లో సగానికి వచ్చేసరికి ఆటో దిగబడి ఆగిపోయింది.

"ఏటి బావా ఇది, రోడ్డా, జీడిపాకమా?"

"కాస్త మెత్తగున్నాది. గట్టిగా రైజ్ చెయ్."

చేశాడు. చక్రాలు ఇంకా దిగాయి.

కొబ్బరి మట్టలు తెచ్చి పరిచాను. అవీ అతుక్కున్నాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నేను అడుసును స్వయంగా వండి, వడ్డించి మరీ తొక్కాను. చెప్పులు అక్కడే ఉండిపోయాయి. జీడి నూనె తగిలి పాదాలకు బొబ్బలు లేచాయి.

ఉబ్బిన కాళ్ళతో గుమ్మంలో నిలబడి మావయ్య అంతా చూస్తున్నాడు.

"టయానికి ఎల్లకపోతే మిసను ఇంకొకరికి ఇచ్చేత్తారు అల్లుడూ" అన్నాడు మెల్లగా. తిట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

ఆయన్ని వీపున ఎక్కించుకుని, మట్టల మీదుగా ఒక్కో అడుగూ పీక్కుంటూ దాటించాను. మెయిన్ రోడ్డు మీద సింహాచలం ఎవరిదో బైకు ఆపి, అడిగి తీసుకున్నాడు. అతను నడుపుతుంటే, మావయ్యను మధ్యలో కూర్చోబెట్టి ముగ్గురం వెళ్ళాం. మేం లోపలికి అడుగుపెట్టేసరికి నర్సు తరవాతి పేరు పిలవబోతోంది.

మావయ్యను పడుకోబెట్టగానే మంచం పక్కన కూలబడి ఏడ్చేశాను. "నీ పేనాలమీదకి తెచ్చాను మావా."

"ఏడవకు అల్లుడూ. ఓట్లకొచ్చినోల్లందరూ మా ఈదిలో రోడ్డేత్తామన్నోల్లే. ఏసినోడివి నువ్వొక్కడివే." కళ్ళు మూసుకుని అన్నాడు: "ఇంక సాలు. మరెయ్యకు."

సూది సర్దుతున్న ఆ నర్సు సాక్షిగా అక్కడే ఒట్టు పెట్టుకున్నాను. చుట్టాలున్న ఏ వీధిలోనూ ఈ జన్మకు తారు పొయ్యను.