నీలం సైకిలు

ఆఫీసు నుంచి నీరసంగా వస్తుంటే, మా అపార్ట్‌మెంట్ గేటుకు కొట్టిన కొత్త పెయింటు వాసన తగిలింది.

తొమ్మిదేళ్ళప్పుడు నేను కంప్యూటర్లో ఓ దొంగల ఆట ఆడేవాణ్ణి. కొట్టేసిన కారును గ్యారేజీలోకి తోలితే రంగు మారుతుంది, వెంటపడే పోలీసులు మనల్ని మరిచిపోతారు. చట్టమంటే అంతేననుకున్నాను.

అందుకే ఇంటి ఓనరు అంకుల్ తెల్ల కారుకు నా ఎర్ర సైకిలు గీత పెట్టినప్పుడు పెద్దగా కంగారుపడలేదు. నాన్నకు తెలిస్తే సైకిలు అమ్మేస్తాడు, అంతే. కిటికీలకు వేయగా మిగిలిన నీలం పెయింటు తీసుకుని, సైకిలుతో సహా మెట్ల కింద దూరాను.

చక్రాల చువ్వలకు కూడా పూసేశాక బాల్కనీలోంచి అంకుల్ గొంతు వినబడింది. "వెనక మడ్‌గార్డు మిగిలిపోయి ఉండాది, చూడప్పా."

పోలీసులు చూస్తుండగా గ్యారేజీలో దూరితే రంగు పనిచేయదని ఆటలోనూ ఉంది. నాకది ఆలస్యంగా గుర్తొచ్చింది.

సాయంత్రం నాన్న నీలం సైకిలును చూసి, "ఏందిరా ఇది?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అంకుల్ అందుకున్నాడు. "నేనే పూయమంటినప్పా. ఎరుపు బాగలేదు."

మేం ఇల్లు మారేదాకా ఆయన కారు మీద ఆ ఎర్ర గీత అలాగే ఉంది.

ఆ తర్వాత మూడు ఆఫీసులు మారాను. మెడలో ట్యాగు రంగు మారిందే తప్ప, చూసి కూడా మరిచిపోయే మనిషి మళ్ళీ దొరకలేదు.