హీటర్ పక్కన ఓక్ గింజ

ఆకు కొనలు ముళ్ళలా ఉన్నాయంటూ మా పాప ఇవాళ ఒక రెడ్ ఓక్ చెట్టు ఆకు తెచ్చి చూపించింది.

అమెరికాలోని పార్సిప్పనీలో నా చిన్నప్పుడు, చలికాలం రాగానే అమ్మ కరివేపాకు కుండీని ఇంట్లోకి తెచ్చి హీటర్ పక్కన పెట్టేది. మా కార్‌కి నీడనిచ్చే అలాంటి ఓక్ చెట్టు కింద దొరికిన గింజను నేను పెరుగు డబ్బాలో నాటి, ఆ కుండీ పక్కనే పెట్టాను. రోజూ మట్టి తవ్వి చూసేదాన్ని. మొలక రాలేదు. పురుగులు లేస్తున్నాయని అమ్మ డబ్బాను బాల్కనీలో పెట్టేసింది.

"చలికి చచ్చిపోతుందమ్మా," అన్నాను.

"అదేమన్నా కరివేపాకా? ఇక్కడి చెట్టేగా, ఉండనీ."

డబ్బాను మంచు కప్పేసింది. మంచు కరిగాక ఎర్రటి మొలక వచ్చింది. ఆ గింజ మొలవాలంటే చలి తగలాలని చాలా ఏళ్ళకు తెలిసింది.

తెలిసి ఏం లాభం? పాప జాకెట్ లేకుండా మళ్ళీ బయటికి పరుగెత్తింది. జాకెట్ పట్టుకుని నేనూ వెనకే వెళ్ళాను.