టీచర్ గారి రెండో పేరు

మీతో ఒక మాట చెప్పాలి. పదిహేనేళ్ళు దాటింది, ఎవరికీ చెప్పకుండా మోస్తున్నాను. మా ఆయనకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. ప్రార్థనలో కూడా చుట్టూ తిప్పి చెప్పాను గాని సూటిగా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీ దగ్గర చెప్పగలననిపిస్తోంది. నా పేరు మాత్రం అడగకండి. మా వాళ్ళలో చాలామందికి రెండేసి పేర్లు, బడి రికార్డుల్లో ఒకటి, చర్చిలో ఒకటి. నాకూ ఉన్నాయి. రెండూ చెప్పను.

సుశీల టీచర్ గారు గుండుగొలను దగ్గర మా ఊరి బడిలో నాకు మూడో తరగతి చెప్పారు. కొల్లేరు పొంగి రోడ్డు మునిగితే దోనె ఎక్కి వచ్చేవారు, హాజరు పట్టీని ప్లాస్టిక్ కవర్లో చుట్టి గుండెలకు హత్తుకుని. తను తడిసినా సరే, పట్టీ తడవకూడదు. ప్రతి సోమవారం మా అందరి గోళ్ళూ తనే కత్తిరించేవారు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున హెడ్మాస్టరు ఎంత బతిమాలినా రాని పిల్లలకు హాజరు వేయలేదు. నేను ఫార్మసీ డిప్లొమా చదివింది కూడా ఆవిడ వెంటపడి దరఖాస్తు పెట్టించబట్టే. ఆవిడంటే నాకు ప్రాణం. ఇప్పటికీ అంతే.

రెండువేల ఆరు ప్రాంతంలో, ఏలూరులో నేను పనిచేసే మందుల షాపులో కంప్యూటరు పెట్టారు. మా ఓనరు గారికి తాడేపల్లిగూడెంలో ఇంకో షాపుంది. నిద్రమాత్రల్లాంటివి ఒకచోట బిల్లు కొట్టగానే రెండోచోట కనపడేలా ప్రోగ్రాం రాయించారు. గడువుకు ముందే అదే పేరు మీద మళ్ళీ కొడితే తెర మీద ఎర్ర పెట్టె వచ్చి బిల్లు ఆగిపోతుంది. అప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. ఆ ఎర్ర పెట్టె అంటే ఓనరు గారికి కొత్త అల్లుడంత ముద్దు. షాపుకొచ్చిన వాళ్ళందరినీ పిలిచి చూపించేవారు.

టీచర్ గారి భర్త, మేమంతా మాస్టారు అనేవాళ్ళం, ఆయన పోయిన ఏడాది అది. టీచర్ గారికి నిద్ర పట్టేది కాదు. రాత్రికి ఒక మాత్ర అని డాక్టరు రాసిచ్చారు. ఒకరోజు మధ్యాహ్నం ఆ చీటీ పట్టుకుని మా షాపుకొచ్చారు. బిల్లు కొట్టాను. ఎర్ర పెట్టె వచ్చింది.

"టీచర్ గారూ, ఆరు రోజుల కిందటే గూడెం షాపులో నెలకు సరిపడా తీసుకున్నారని చూపిస్తోందండి."

"చెల్లెలింటికి వెళ్ళినప్పుడు తీసుకున్నానమ్మాయ్. ఒక్కటేసుకుంటే కన్ను మూతపడట్లేదు."

"డాక్టరు గారికి ఫోన్ చేస్తానండి."

"వద్దమ్మా. ఆయన మానిపించేస్తారు. మాస్టారి మంచం వంక చూస్తూ తెల్లార్లూ కూర్చోలేకపోతున్నాను."

నాకు దోనె గుర్తొచ్చింది. ఆ తడిసిన చీర గుర్తొచ్చింది.

"మీ చర్చి పేరు ఎస్తేరు కదండీ?" అన్నాను.

ఆవిడకు అర్థమైంది. చీటీ మీదున్న తన పేరు వంక చూసుకున్నారు. "అలా రాయొచ్చా అమ్మాయ్?" అన్నారు చివరికి.

"మీ పేరే కదండీ. అబద్ధమేముందండీ?"

ఎస్తేరు పేరు కొట్టాను. పెట్టె రాలేదు. బిల్లు వచ్చింది.

జాలిపడ్డానా? జాలే. కానీ అంతేనా? నాకింత చేసిన మనిషికి నా చేత్తో ఏదో ఇవ్వగలుగుతున్నానన్న గొప్ప కూడా అందులో లేదా? ఉంది. ఎనిమిది నెలలపాటు నెలనెలా సుశీల పేరు మీద ముప్పై, ఎస్తేరు పేరు మీద ఒకే బిల్లులో అరవై ఇచ్చాను. ఆవిడ రాత్రికి మూడు మింగుతున్నారని నాకు తెలుసు. మందుల చదువు చదివిన దాన్ని, ఏమవుతుందో కూడా తెలుసు.

ఒక ఆదివారం ఉదయం చర్చి మెట్ల మీద తూలి పడ్డారు. తుంటి విరిగింది. ఆస్పత్రిలో మంచం పక్కన నేనున్నాను. డాక్టరు వచ్చి, నిద్రమాత్రలు రోజుకు ఎన్ని వేసుకుంటారని అడిగారు. టీచర్ గారు నా వైపు చూశారు. ఒక్క క్షణమే.

"ఒకటేనండి," అన్నారు.

డాక్టరు మా షాపుకు కూడా ఫోన్ చేశారు. ఓనరు గారు కంప్యూటరు చూసి, సుశీల గారికి నెలకు ముప్పయ్యేనని చెప్పారు. ఆయన చదివింది నిజమే. నేను రాసిందే అబద్ధం.

ఆస్పత్రిలో ఆవిడకు రోజుకు ఒకటే ఇచ్చారు. మర్నాటికి చేతులు వణికాయి. లేని మాస్టారితో మాట్లాడడం మొదలుపెట్టారు. పెద్దవయసు, దెబ్బ తగిలిన భయం అన్నారు అందరూ. మాత్రలు ఒక్కసారిగా తగ్గడం వల్లేనని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందని ఒక భయం. అంతకంటే పెద్ద భయం, ఆవిడ అబద్ధమాడారని నేనే బయటపెట్టినట్టవుతుందని. అలాగని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత హాయిగా చెప్పుకున్నానో చూడండి! ఆవిడ పరువు కాపాడుతున్నాననుకుంటూ నన్ను కాపాడుకున్నాను. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. దాంతో ఆపరేషను మూడు వారాలు వాయిదా పడింది. తర్వాత చేసినా ఆవిడకు నడక రాలేదు.

మంచం మీద నాలుగేళ్ళు బతికారు. ప్రతి ఆదివారం వెళ్ళేదాన్ని. ఆవిడ గోళ్ళు నేను కత్తిరించేదాన్ని. కుడిచేతి చిటికెన వేలి గోరు కొంచెం వంకర, జాగ్రత్తగా పట్టుకోవాలి. నవ్వుతూ కబుర్లు చెప్పేవారు. మాత్రల మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏమనేవారో నాకు ఎప్పటికీ తెలియదు. క్షమించారని అనుకోవడం నాకు సుఖం. అందుకే అనుకోను.

రాని పిల్లకు హాజరు వేయని మనిషి చేత ఒక అబద్ధం ఆడించాను. ఆ అబద్ధం నా కోసం. దాని ఖరీదు ఆవిడ కాళ్ళు.

బడిలో ఆవిడ హాజరు వేస్తూ మా పేరు పిలిస్తే లేచి నిలబడి "ఉన్నానండి" అనాలి. ఆస్పత్రిలో ఆ రోజు నా వైపు చూసినప్పుడు, అన్నీ తెలిసిన దాన్ని నేనక్కడే ఉన్నాను. లేవలేదు. పలకలేదు.

ఎస్తేరు పేరు మీద ఇచ్చిన ప్రతి మాత్రా సుశీల టీచర్ గారికే ఇచ్చాను. తెలిసే ఇచ్చాను.

ఉన్నానండి, టీచర్ గారూ.